ఇఱుకింటిలో పుస్తకములకు చోటు

(తిల్దాలో జరిగిన ఉగాది సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది సభలో కవిత్వమును గూర్చియో, పురాణమును గూర్చియో మాటలాడుట మన సంప్రదాయము. మన కార్యదర్శిగారు మాత్రము నన్ను "మీ యింటి అల్మారా సంగతి చెప్పుడు" అని కోరిరి. కొందఱు నవ్వుచున్నారు, నవ్వవలసినదే. కాని బదిలీ యుత్తరువు చేతికి వచ్చిన దినమున మన యిండ్లలో మొదట పుట్టు ప్రశ్న యేది? "అక్కడ క్వార్టరులో గదులెన్ని? ఈ సామానంతయు ఎక్కడ పెట్టుదుము?" అనునదే కదా! కావున ఈ విషయము మనకు పరాయిది కాదు.

తిల్దా రాయపూరు – బిలాస్‌పూరు రైలుమార్గము మీది యూరు. రాయపూరునకు సుమారు 40 కిలోమీటర్ల దూరము. చుట్టును వరిపొలములు, ఊరిలో బియ్యపు మిల్లులు. ఈ ప్రాంతమునకు తెలుగువారు వచ్చుట నిన్న మొన్నటి మాట కాదు. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే యేర్పడినది. 1931లో విజయనగరము నుండి రాయపూరునకు రైలుమార్గము పూర్తియైనది. ఉత్తర కోస్తా కుటుంబములు ఎన్నియో ఆ త్రోవనే ఇటు వచ్చినవి. 2003లో బిలాస్‌పూరు కేంద్రముగా సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే యేర్పడినది. పరిపాలనలు మారినవి, రైళ్ళు మారినవి. బదిలీయు ఇఱుకిల్లును మాత్రము మనలను విడువలేదు.

చోటును పొదుపు చేయు విద్య మన పెద్దలకు చక్కగా తెలియును. గోడలో గూడు దీపమునకు, అటక ఊరగాయ జాడీలకు, ఉట్టి పాలు పెరుగులకు, గాదె ధాన్యమునకు, భోషాణము పట్టుబట్టలకును దస్తావేజులకును. ఆ భోషాణముపై పరుపు వేసి పడుకొన్న తాతలను మనలో కొందఱు చూచియే యుందురు. ఒకే చోటునకు రెండు పనులు! ఇక్కడి ఛత్తీస్‌గఢీ పల్లెయిండ్లలో ధాన్యము నిలువయుంచు మట్టి కోఠీలును ఈ తెలివికి చెందినవే. ఇక విప్పి కూర్చు సామాను కూడ మన కెఱుగనిది కాదు. పందిరిమంచము కోళ్ళు, పట్టెలు విడదీసి బండి కెత్తుదురు. బొమ్మల కొలువు మెట్లు పండుగకు కూర్చి, పండుగ కాగానే విప్పి అటకపై పెట్టుదురు. కావున నేడు అట్టపెట్టెలలో పలకలుగా వచ్చు అల్మారాను చూచి మనము వెఱగుపడ నక్కఱలేదు.

ఐరోపాలో దీనికి మంచి చరిత్ర కలదు. 1859లో వియన్నాయందు థోనెట్ అను పనివాని సంస్థ 14వ సంఖ్య గల కుర్చీని తయారు చేసినది. ఆవిరిలో వంచిన ఆఱు కొయ్యముక్కలు, పది మరమేకులు. అంతియే దాని నిర్మాణము. విడదీసిన కుర్చీలు 36 ఒక ఘనమీటరు పెట్టెలో నిమిడెడివి. పిమ్మట స్వీడను దేశములో ఐకియా సంస్థలో పనిచేయుచుండిన గిల్లిస్ లుండ్‌గ్రెన్ అను రూపకర్త యొక బల్లను మోటారుకారులో పట్టించుటకై దాని కాళ్ళు ఊడదీసినాడని చెప్పుదురు. 1956 నుండి ఆ సంస్థ ఈ పద్ధతి నవలంబించినది. 2018 ఆగస్టు 9న అదే సంస్థ భారతదేశమున తన మొదటి దుకాణమును మన హైదరాబాదులోనే తెఱచినది. నేడు అనేక సంస్థలు ఇట్టి విడిపలకల సామానును చేయుచున్నవి. తిల్దా వంటి యూరికిని అట్టపెట్టెలు ఇంటి గుమ్మము వఱకు వచ్చుచున్నవి.

ఇక మా యింటి సంగతి. మాది రెండు గదుల క్వార్టరు. మా నాయనగారు జీవితమంతయు కూడబెట్టిన తెలుగు పుస్తకములు రెండు ఇనుప ట్రంకుపెట్టెలలో మూడు బదిలీలు చూచినవి. అట్టలపై ఆయన చేవ్రాలు, కొన్న తేది, కొన్న యూరు వ్రాసి యున్నవి. తిల్దాకు వచ్చిన పిదప ఆ పెట్టెలు పెట్టుటకు చోటు లేక, కొన్ని పుస్తకములను కబాడీవానికి కిలోల లెక్కను ఇచ్చి వేయుదమని నేనే అంటిని. నా భార్య ఒప్పుకొనలేదు. "మన అమ్మాయి బడిలో హిందీ చదువుచున్నది, ఆంగ్లము చదువుచున్నది. తెలుగక్షరము దాని కంటబడు చోటు ఈ యిల్లొక్కటే. దానిని కూడ తూకమునకు అమ్మెదరా?" అని అడిగెను. నాకు సమాధానము తోచలేదు. సామాను తగ్గించుట వేఱు, ఇంటిలోని భాషను తగ్గించుట వేఱు. ఆ దినముననే పుస్తకములు పెట్టెలలో కాక, చేయి చాచిన అందునట్లు అల్మారాలో నుండవలెనని నిశ్చయించితిమి. ఒక విడిపలకల అల్మారా తెప్పించితిమి. పుస్తకములలో కొన్ని దానిలో పట్టలేదు. రెండవ అల్మారాకు గోడ లేదు. కావున ఉన్న దానినే మార్చుకొనవలసి వచ్చినది.

మొదటి పాఠము: రంపము పట్టుటకు ముందు కొలబద్ద పట్టవలెను. ఇట్టి అల్మారాల ప్రక్కపలకలలో నిలువుగా వరుసలు దీర్చిన సన్నని బెజ్జములు కనబడును. వానికొక లెక్క కలదు. బెజ్జమునకు బెజ్జమునకు నడుమ 32 మిల్లీమీటర్లు, బెజ్జము వెడల్పు 5 మిల్లీమీటర్లు. ఇది లోకమంతట వ్యాపించిన కొలత. అరపలకను మోయు చిన్న పిన్నులు ఆ బెజ్జములలో నిలుచును. అనగా అరల ఎత్తును విధించినది కర్మాగారము కాదు. మార్చుకొను స్వేచ్ఛను అది మనకే విడిచినది. మనము దానిని ఉపయోగించుట లేదు, అంతే.

మా అల్మారా లోపలి యెత్తు 1742 మిల్లీమీటర్లు, వెడల్పు 760. అరలు ఐదు, ఒక్కొక్కటి 11 బెజ్జముల యెడమున నుండెను. పలక మందము 18 తీసివేసిన ఒక్కొక్క అరకు 334 మిల్లీమీటర్ల ఎత్తు. మన తెలుగు పుస్తకములలో డెమ్మీ పరిమాణము గలవి సుమారు 216, క్రౌను పరిమాణము గలవి సుమారు 190 మిల్లీమీటర్ల ఎత్తుండును. చూడుడు, ప్రతి అరలోను పుస్తకముల నెత్తిన జానెడులో సగమునకు పైగా గాలి కాపురముండెను! డెమ్మీ పుస్తకమునకు ఎనిమిది బెజ్జముల యెడము చాలును; 238 మిల్లీమీటర్లు దొరకును, వ్రేలు పెట్టి తీయుటకు సందుండును. క్రౌను పుస్తకమునకు ఏడు బెజ్జములు, 206 మిల్లీమీటర్లు.

ఇక్కడ నొక చిక్కు కలదు. నడిమి పలక యొకటి కదలదు. అది ప్రక్కపలకలకు మరలతో బిగించియుండును. అల్మారా ఒరగకుండ నిలుపునది అదియే కనుక దానిని తీయరాదు. మా దానిలో అది క్రిందినుండి 33వ యెడమున నున్నది. కాగితముపై లెక్క వేసితిమి. క్రిందినుండి పది, ఎనిమిది, ఎనిమిది, ఏడు, మొత్తము 33. దానిపై ఎనిమిది, ఏడు, ఏడు, మొత్తము 22. రెండును కలిసి 55, సరిగా సరిపోయినది. అట్టడుగున పది బెజ్జముల అర 302 మిల్లీమీటర్ల ఎత్తున నిఘంటువులకు అమరినది. ఐదు అరలు ఏడైనవి. పుస్తకములు నిలుచు నిడివి 3800 మిల్లీమీటర్ల నుండి 5320కి పెరిగినది. నూటికి నలువది వంతులు ఎక్కువ. ఇందుకై క్రొత్తగా కావలసినవి రెండు పలకలు, ఎనిమిది పిన్నులు మాత్రమే. ఒక్క క్రొత్త బెజ్జమైనను వేయలేదు.

రెండవ పాఠము బరువును గూర్చినది. డెమ్మీ పుస్తకములతో నిండిన ఒక అరను తూచితిని; సుమారు 15 కిలోలున్నది. ఏడు అరలకు దగ్గర దగ్గర 100 కిలోలు. పలక వంగుటకు ఒక ధర్మము కలదు. బరువు పలకయంతట సమముగా పఱచియున్నపుడు, పలక నిడివి రెండింతలైనచో వంపు పదునాఱింతలగును; నిడివిని సగము చేసినచో వంపు పదునాఱవ వంతునకు దిగును. పలక మందము రెండింతలైన వంపు ఎనిమిదవ వంతగును. కావున వంగుచున్న అరకు మందపు పలక వెదకుటకంటె, నడుమ నొక నిలువు ముక్క నానించుట సులభము, లాభము. అయితే ఆ నిలువు ముక్కలు పైనుండి క్రింది వఱకు ఒకదాని క్రింద నొకటి వరుసగా నుండవలెను. లేనిచో పై అర బరువు క్రింది అర నడుమ బడి, రోగమును తీసి పొరుగువాని కంటించినట్లగును. నిలువు ముక్కకు చోటు లేనిచో, పలక ముందంచు క్రింద 40 మిల్లీమీటర్ల కొయ్యపట్టీని నిలువుగా అంటించి మరలు బిగించినను మంచి బలము వచ్చును.

మూడవ పాఠము ఆ పలక స్వభావము. మా పనికి వచ్చిన ఇక్కడి వడ్రంగి దానిని తట్టి చూచి, "అయ్యా, ఇది కట్టె కాదు, కట్టెపొట్టు రొట్టె" అనినాడు. అంతకంటె చక్కని నిర్వచనము నేను పుస్తకములలో చదువలేదు. పార్టికిల్ బోర్డు అనగా కొయ్య పెళ్ళలను యూరియా ఫార్మాల్డిహైడు జిగురుతో కలిపి, వేడిమీద గట్టిగా నొక్కి చేసిన పలక. పైన పొర నున్నగా నుండును. పొర చెక్కుచెదరనంత కాలము మన్నును. కోసిన అంచునకు నీరు తగిలినచో ఉబ్బును, ఉబ్బినది మరల తగ్గదు. ఛత్తీస్‌గఢు వానకాలపు చెమ్మకు అంచు తెఱచియుంచిన పలక నిలువజాలదు. కాబట్టి కోసిన ప్రతి అంచునకు జిగురు పూసి అంచుపట్టీ అంటించుట తప్పనిసరి. కోయుట ఆరుబయట చేయవలెను; ముక్కునకు బట్ట కట్టుకొనవలెను. ఫార్మాల్డిహైడు మనుష్యులకు క్యాన్సరు కలిగింపగలదని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో నిర్ణయించినది. పట్టీలు వేసి అంచులు మూయుట పలకకే కాదు, మన ఊపిరికిని మేలు.

ఈ పలకలో మర ఒక్కసారియే గట్టిగా పట్టును. విప్పి బిగించినకొలది బెజ్జము వదులగును. బదిలీలవారికి ఇది ముఖ్యము. వదులైన బెజ్జములో జిగురు పూసిన వెదురుపుల్లలను దట్టించి, ఎండిన పిదప సన్నని బెజ్జము వేసి మరను చేతితో బిగింపవలెను. యంత్రముతో బిగించినచో పొట్టు నలిగిపోవును. క్రొత్తగా వేయు అరలకు నేను ప్లైవుడ్డు నెన్నుకొంటిని. అదే మందములో అది ఎక్కువ బిగువు గలది. కొనునపుడు ముద్ర చూడవలెను: సాధారణ వినియోగపు ప్లైవుడ్డునకు ఐ.ఎస్. 303, మెరైన్ ప్లైవుడ్డునకు ఐ.ఎస్. 710, పై పొర వేసిన పార్టికిల్ బోర్డునకు ఐ.ఎస్. 12823. వెనుక నుండు పలుచని వీపుపలకను తక్కువగా చూడరాదు. చతురపు చట్రము ప్రక్కకు ఒరగకుండ పట్టునది అదియే. దానిని తీసి గోడగూటితో కలుపుదమనుకొన్న మిత్రునికి అల్మారా ఒరిగి తలుపులు మూసుకొనలేదు.

వంటయింటి సంగతి సోదరీమణులకు నాకంటె ఎక్కువ తెలియును. అయినను రెండు మాటలు. లోతైన అరలో వెనుక డబ్బా కనబడక, ఉన్న మెంతులనే మరల కొనుట అందఱి యనుభవము. బొమ్మల కొలువునకు పెట్టినట్లే లోపల రెండు చిన్న మెట్లు పెట్టినచో ప్రతి డబ్బాయు తలయెత్తి చూచును. గట్టు క్రింది అల్మారా పాదముల మధ్య సుమారు 100 మిల్లీమీటర్ల శూన్యము పలక చాటున నుండును. అక్కడ చక్రముల పళ్ళెము వంటి సొరుగు చేసిన అప్పడాల పీట, పెనము, పళ్ళెరములు పట్టును. కాని నేల నీళ్ళతో కడుగు అలవాటున్న ఇంటిలో ఆ సొరుగు అడుగు రేకుదై యుండవలెను. బియ్యము అక్కడ పెట్టరాదు. మిల్లుల యూరిలో ఎలుకలకు ఆహ్వానపత్రిక అక్కఱలేదు. తలుపు లోపలివైపు సన్నని అర తగిలించుటయు మంచిదే. అయితే బరువంతయు బందుల మీద పడును గనుక పోపుసామాను వంటి తేలిక వస్తువులే పెట్టవలెను.

ఇప్పుడు నేను చేసిన తప్పును చెప్పవలెను. చెప్పకున్నచో ఈ ప్రసంగము సగమే యగును. అరలు పెంచిన సంబరములో అల్మారా నెత్తిన నొక పెట్టెను కూడ చేసి పెట్టితిని. అటక లేని ఇంటికి అటక దొరికినదని మురిసితిని. గోడకు మాత్రము బిగింపలేదు. క్వార్టరు సర్కారువారిది, బెజ్జమెందుకని ఊరకుంటిని. ఒకనాటి సాయంకాలము మా చిన్నవాడు పై అరలోని బొమ్మల పుస్తకము కొఱకు క్రింది అరపై కాలు పెట్టి ఎక్కినాడు. అల్మారా ముందునకు ఒరిగినది. ఎదుట మంచముండుటచే దాని పట్టెపై ఆగినది. పిల్లవానిపై పుస్తకములు పడినవి కాని అల్మారా పడలేదు. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. నా భార్య నన్ను ఒక్క మాటయు అనలేదు, అనినచో బాగుండెడిదనిపించినది.

ఇది నా ఒక్కనికి జరిగినది కాదు. ఇట్టి ప్రమాదములలో పిల్లలు చనిపోయిన కారణమున 2016 జూనులో అమెరికాలో 2 కోట్ల 90 లక్షల సొరుగుల పెట్టెలను వెనుకకు పిలిపించిరి. అటుపిమ్మట 2022లో ఆ దేశము బట్టల సొరుగుపెట్టెలు దొర్లిపడకుండ చట్టమే చేసినది. మఱునాడే నేను పనుల విభాగమువారి నడిగి, అనుమతి తీసికొని, గోడకు రెండు చోట్ల బెజ్జము వేసి, రావల్‌ప్లగ్గు దిగగొట్టి, ఇనుప మూలపట్టీలతో అల్మారాను బిగించితిని. బెజ్జము సున్నపు పూతలో కాక ఇటుకలో దిగవలెను. నెత్తిన పెట్టెలో ఇప్పుడు దుప్పట్లు మాత్రమే యున్నవి. నిఘంటువులు అట్టడుగున, తేలికవి పైన. పిల్లవాని బొమ్మల పుస్తకములు వాని చేతి కందు అరలో నున్నవి. వాడెక్కవలసిన పని లేదు. చోటు సంపాదించుట సగము పని. ఆ చోటు ఎవరి చేతి కందవలెనో ఆలోచించుట మిగిలిన సగము. క్వార్టరు విడుచునాడు రెండు బెజ్జములకు సున్నము పూసి పోవుదును. రెండు బెజ్జముల కొఱకు సందేహించి నేను దేనిని పణము పెట్టితినో తలచుకొనిన నేటికిని భయము కలుగును.

మిత్రులారా, ఎంత కూర్చినను, ఎంత మార్చినను రెండు గదులు మూడు గదులు కావు. అన్నిటికిని చోటు చేయుదమనిన అది యత్యాశ. పగిలిన బాలుచీలు, పాడైన పంకాలు, ఎన్నడో పనికి వచ్చునని దాచిన అట్టపెట్టెలు, వీనికై అరలు పెంచుట వృథా. వానిని నిస్సంకోచముగా పంపివేయుడు. మరల కొనవచ్చునదియా, కొనరానిదియా అని ప్రతి వస్తువును అడిగి చూడుడు. మా నాయనగారి చేవ్రాలు గల పుస్తకము ఏ బజారులోను దొరకదు. మీ యింటిలో అది అమ్మగారి ఇత్తడి గిన్నెయో, తాతగారి హార్మోనియమో కావచ్చును. దానికి చోటు చేయుడు.

ఫలితమేమని మీరడుగవచ్చును. పుస్తకములన్నియు అల్మారాలో పట్టినవి. ఒక ట్రంకుపెట్టె ఖాళీయైనది. మొన్నటి సెలవులలో మా అమ్మాయి ఒక పుస్తకము తీసి, మొదటి పుటలోని చేవ్రాతను అక్షరమక్షరము కూడబలుకుకొనుచు తాతగారి పేరు చదివినది. తరువాత, "నాన్నా, ఈ ఊరు ఎక్కడున్నది?" అని అడిగినది. ఆ ఊరు విజయనగరమునకు ప్రక్కనున్నదని చెప్పితిని. 1742 మిల్లీమీటర్లలో నాకు దొరికిన చోటు అది.

 మీలో ఎవరైనను అల్మారా విప్పదలచినచో నా కొలబద్ద, బరమా రెండును సిద్ధముగా నున్నవి. తీసికొని పోయినవారు తిరిగి ఇచ్చిన చాలును. సెలవు.